అహేతుక విశ్వాసం: ఒక మాటకు తెలుగు

అనువాదకునికి కష్టం కలిగించే మాటలు రెండు విధాలు. నిఘంటువులో దొరకనివి ఒక విధం. దొరికి, దొరికినందువల్లనే మోసం చేసేవి రెండవ విధం. అమెరికా దేశపు మానసిక చికిత్సకుడు ఆల్బర్ట్ ఎల్లిస్ వ్యాసాలు కొన్నింటిని తెలుగు చేయ పూనుకొన్నప్పుడు నాకు అడుగడుగున ఎదురైన 'ఇర్రేషనల్ బిలీఫ్' అన్న మాట ఈ రెండవ జాతికి చెందినది. హేతువుకు నిలువని నమ్మకం కనుక 'అహేతుక విశ్వాసం' అని వ్రాసి పుట తిప్పబోయినాను. అంతలో భాగవతం అడ్డు వచ్చినది.

భాగవత ప్రథమ స్కంధంలో సూతుడు శౌనకాది మునులకు పరమధర్మాన్ని నిర్వచిస్తూ, భక్తికి 'అహైతుకి' అన్న విశేషణాన్ని వాడినాడు. ప్రతిఫలాన్ని కోరని భక్తి అని దాని భావం. చికిత్సకుని పుస్తకంలో రోగలక్షణమైన మాట మన పురాణంలో భక్తికి కిరీటమైనదన్నమాట. 'హేతువు' అన్న శబ్దానికి కారణమనీ, యుక్తి అనీ, ప్రయోజనమనీ పలు అర్థాలుండడం వల్ల వచ్చిన చిక్కు ఇది అని సరిపెట్టుకొనవచ్చును. కాని దానిని విప్పుతూ పోయినకొద్దీ అది ఒక్క మాటతో తీరేది కాదనీ, మతవిశ్వాసాన్ని గురించి మనం వ్రాసే కథలకూ, వాటిపై మనం చేసే విమర్శకూ కూడ చెందినదనీ నాకు తోచినది. ఆ తోచిన సంగతిని తోటి రచయితల ముందుంచడమే ఈ వ్యాసానికి పని.

ఎల్లిస్ 1913లో పుట్టి 2007లో గతించినాడు. మొదట మనోవిశ్లేషణ మార్గంలో శిక్షణ పొంది, ఆ మార్గంపై నమ్మకం సడలి, 1955 ప్రాంతంలో తన సొంత పద్ధతిని ప్రారంభించినాడు. మనిషిని బాధించేది సంఘటన కాదు, ఆ సంఘటనను గురించి అతడు పట్టుకొన్న భావం అన్నది ఆయన మూలసూత్రం. అది తన సొంత సొమ్మని ఆయన చెప్పుకొనలేదు. ఎపిక్టెటస్ మొదలైన ప్రాచీన స్తోయిక్ తత్త్వవేత్తల వద్ద తీసుకొన్నానని ఒప్పుకొన్నాడు. మన ఇండ్లలో జరిగేదానితో దానిని ఉదాహరించవచ్చును. పిల్లకు కుదిరిన సంబంధం తప్పిపోయినది, అది సంఘటన. తండ్రికి విచారం కలిగినది, అది సహజం. 'ఇది తప్పిపోకుండ ఉండి తీరవలసినది. తప్పిపోయినది కనుక నా బ్రతుకే వ్యర్థం' అని ఆ తండ్రి లోలోపల నిశ్చయించుకొన్నాడు. అతనిని మంచం పట్టించేది ఈ మూడవది. చికిత్స అంటే ఆ నిశ్చయంతో వాదానికి దిగడం.

ఈ ఎల్లిస్ నాస్తికుడు. గాఢమైన మతనిష్ఠ మానసిక అస్వస్థతకు దారితీస్తుందని చాలకాలం వాదించినాడు. 1980లో ఆలెన్ బెర్గిన్ అనే మనశ్శాస్త్రవేత్త చికిత్సలో ధార్మిక విలువలకు చోటుండవలెనని వ్రాయగా, ఎల్లిస్ నాస్తిక పక్షం వహించి సమాధానం వ్రాసినాడు. అయితే ఆ తరువాత ఆయన తన అభిప్రాయాన్ని సవరించుకొన్నాడు. దైవాన్ని నమ్మేవారికి కూడ తన పద్ధతి ఉపకరిస్తుందని 2000లో వ్యాసం వ్రాసినాడు. మరుసటి ఏడు, 2001లో, మతనిష్ఠ గలవారి చికిత్సను గురించిన ఒక గ్రంథానికి మరి ఇద్దరితో కలిసి రచయిత అయినాడు. ఆయన ఆస్తికుడు కాలేదు. ఆయన తేల్చుకొన్నది మరొకటి. మనిషిని రోగిని చేసేది దేవుడున్నాడన్న నమ్మకం కాదు; ఏ నమ్మకానికైనా తగులుకొనే 'మస్ట్' అన్న పట్టుదల. నేను పరిపూర్ణుడనై తీరాలి, ఇతరులు నన్ను గౌరవించి తీరాలి, లోకం నాకు అనుకూలించి తీరాలి అన్న ఈ మూడు శాసనాలు ఆస్తికునిలో ఎంత అనర్థం చేయగలవో నాస్తికునిలోనూ అంత చేయగలవు.

ఇక్కడ మన భాష నాకొక విశేషం చూపినది. ఎల్లిస్ శ్రమ అంతా కోరికకూ శాసనానికీ నడుమ గీత గీయడంలో ఉన్నది. ఇంగ్లీషులో ఆ రెంటికీ వేరువేరు మాటలున్నవి. తెలుగులోనో, 'వాన కురవాలి' అన్న రెండు మాటలలో రైతు కోరికా ఉన్నది, శాసనమూ ఉన్నది. 'ఇల్లు కట్టుకోవాలని ఉన్నది' అంటే కోరిక. 'శిస్తు కట్టాలి' అంటే విధి. ప్రత్యయం మాత్రం ఒకటే. దాని పుట్టుక చూస్తే ఇంకా స్పష్టం. 'వలయును', 'వలెను' అన్న రూపాలే అరిగి 'ఆలి' అయినవి. 'వలచు', 'వలపు' అన్న మాటలు వాటికి దగ్గరి చుట్టాలు. వలపు ముదిరి విధి అయిన చరిత్ర మన క్రియాపదంలోనే దాగి ఉన్నది. కోరికను కోరికగా మిగల్చక శాసనం చేయదలచినప్పుడు మనం 'తీరు'ను తెచ్చి జోడిస్తాం: కురిసి తీరాలి. ఈ 'తీరు' మరెక్కడ వస్తుందో కూడ చూడండి. అప్పు తీరుతుంది, ఆకలి తీరుతుంది, కోరిక తీరుతుంది, మ్రొక్కు తీరుతుంది.

ఫ్రాయిడ్ 1927లో మతాన్ని గురించి వ్రాసిన ప్రసిద్ధ గ్రంథంలో భ్రాంతికీ పొరపాటుకూ భేదం చెప్పినాడు. భ్రాంతి అబద్ధమే కానక్కరలేదు. కోరికలో నుండి పుట్టడం దాని లక్షణం. అది నిజమా కాదా అన్న ప్రశ్న వేరు, మనిషి దానిని ఎందుకు పట్టుకొన్నాడన్న ప్రశ్న వేరు. మొదటి ప్రశ్న శాస్త్రజ్ఞునిది, దార్శనికునిది. రెండవదే సాహిత్యానికి సొంతం. మతవిశ్వాసాన్ని చిత్రించడంలో మన కథానిక తరచు మొదటి ప్రశ్నతోనే తృప్తిపడి, రెండవదానిని వదలిపెడుతున్నదని నా ఫిర్యాదు.

మొదట ఇట్లా లేదు. 'కన్యాశుల్కం'లో లుబ్ధావధానులు భయాన్ని చూడండి. డబ్బిచ్చి కొని తెచ్చుకొన్న పెండ్లికూతురికి ఇది రెండవ పెండ్లి అన్న అనుమానం పుట్టగానే, ఆమె మొదటి మగడు దయ్యమై తనపైకి వస్తున్నాడని ముసలివాడు కలలో అదిరిపడుతాడు. దయ్యాన్ని సీసాలో బిగించే పూజారి గవరయ్య ఆ భయం మీదనే బ్రతుకుతాడు. గురజాడ దయ్యాలు లేవని ఉపన్యసించలేదు. ఆ దయ్యం ఏ బేరంలో నుండి పుట్టినదో చూపించినాడు. తనకు హక్కు లేనిదానిని కొన్నవాని లోపలి నేరభావమే గొంతు పిసికే చేయి అయినది. మనం గవరయ్యను చూచి నవ్వుతాం. లుబ్ధావధానులును చూచి నవ్వుతూనే కొంచెం భయపడుతాం. ఆ భయమే నాటకకర్త సాధించినది.

తరువాత వచ్చిన కథలలో చాలవాటికి ఒక అచ్చు ఏర్పడినది. ఊరిలోకి స్వామి వస్తాడు, జనం మూగుతారు, చదువుకొన్న యువకుడో, బడిపంతులో గుట్టు బయటపెడుతాడు, స్వామి పారిపోతాడు. ఇందులో స్వామి ఎట్లా మోసం చేసినాడో తెలుస్తుంది. జనం ఎందుకు మోసపోయినారో తెలియదు. వారు తెలివితక్కువవారు కనుక అన్నదే సమాధానమైతే, ఆ కథ చదివినవానికి తాను తెలివిగలవాడనన్న తృప్తి తప్ప ఏమీ మిగలదు.

మోసగాండ్రపై కత్తి దూయవద్దని నేననడం లేదు. ఈ దేశంలో సంశయవాదం ప్రాణాలతో చెలగాటం. వైద్యుడై, జీవితమంతా మూఢవిశ్వాస నిర్మూలనకు పాటుపడిన నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టులో పుణేలో కాల్చి చంపినారు. ఆ ఏడాదే మహారాష్ట్రలో చేతబడి మొదలైన దురాచారాలకు వ్యతిరేకంగా శాసనం వచ్చినది. బాణామతి చేసినారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు మన పత్రికలలోనూ చదివినాం. అక్కడ రచయిత ఏ పక్షాన నిలువవలెనో వేరే చెప్పనక్కరలేదు. నేనడుగుతున్నది నమ్మినవానిని గురించి.

ఈ విషయంలో అబ్రహాం కోవూర్ ఉదాహరణ ఆలోచింపదగినది. కేరళలో తిరువల్లలో 1898లో పుట్టి, సింహళంలో వృక్షశాస్త్రం బోధించి, 1978లో మరణించే వరకు అక్కడి హేతువాద సంఘానికి అధ్యక్షుడుగా ఉన్న ఈయన, ఏ మోసానికీ తావులేని పరీక్షలో మహిమ చూపినవారికి లక్ష రూపాయలిస్తానని పందెం కాసినాడు. ఆ డబ్బు ఎవరికీ దక్కలేదు. లోకం ఆ పందెాన్నే జ్ఞాపకం పెట్టుకొన్నది. కాని దయ్యం పట్టిందన్న ఇండ్లకు వెళ్ళి ఆయన చేసిన పని అంతకన్న గొప్పది. రాళ్ళు వేస్తున్నది ఎవరో కనుగొనడంతో ఆయన ఆగలేదు. వేసిన చేతికి ఏ దుఃఖమున్నదో విచారించి, సమ్మోహన విధానంతోనో, మాటలతోనో ఊరట కలిగించ ప్రయత్నించినాడు. సంశయమూ చికిత్సా ఒకే మనిషిలో కలిసిన సందర్భమిది. ఆ అనుభవాలలో ఒకటి 1972లో మలయాళంలో చలనచిత్రమైనది కూడ. ఆయన కథనాలలో లోపం లేకపోలేదు. ప్రతి కథా చిక్కుముడి విడిపోయి, రోగి కోలుకొని, ముచ్చటగా ముగుస్తుంది. బ్రతుకు అంత విధేయంగా నడవదు.

నడవదని నాకు మొదట తెలిపినది మా మేనత్త. ఆమె కొడుకు మూడేండ్లవాడు మెదడువాపు జ్వరంతో పోయినాడు. వాని పుట్టువెంట్రుకలు తిరుపతిలో తీయిస్తానని ఆమె మ్రొక్కుకొన్నది. డబ్బుకు ఇబ్బంది అయి, ఆ ప్రయాణం రెండు మారులు వాయిదా పడినది. మ్రొక్కు తీర్చనందుకే స్వామి బిడ్డను తీసుకొనిపోయినాడని బంధువులలో ఎవరో అన్నారు. ఆమె నమ్మినది. అప్పుడు నాకు పదునెనిమిదేండ్లు. కొత్తగా చదివిన హేతువాద గ్రంథాల వేడి మీద ఉన్నాను. జ్వరం దోమ వల్ల వచ్చినదనీ, మ్రొక్కుతో దానికేమీ సంబంధం లేదనీ ఒక మధ్యాహ్నమంతా ఆమెకు నిరూపించినాను. ఆమె ఓపికగా విని, "చదువుకున్నవాడివి, నీకు తెలుస్తుంది నాయనా" అన్నది. ఆ తరువాత నా ఎదుట ఆ మాట ఎత్తలేదు. నేను గెలిచినాననుకొన్నాను.

కొన్ని నెలల తరువాత మా ఊరి శివాలయపు అర్చకులు ఏదో పనిమీద మా ఇంటికి వచ్చినారు. నా ఎదుట మూసుకొన్న నోరు ఆయన ఎదుట తెరుచుకొన్నది. అంతా విని ఆ వృద్ధుడు, "అమ్మా, బాకీ కింద పసిబిడ్డను జప్తు చేసేవాడు దేవుడెట్లా అవుతాడమ్మా? షావుకారైనా అంత పని చేయడే!" అన్నారు. ఆమె చాలసేపు ఏడ్చినది. ఆ రాత్రి కంచం ముందు నుండి సగంలో లేచిపోకుండ అన్నం తిన్నది. దుఃఖం పోలేదు, నేరం పోయినది.

ఎల్లిస్ 2000లో చేరుకొన్న చోటికి ఆ అర్చకులు ఏ గ్రంథమూ చదువకుండ చేరుకొన్నారని నేడు నాకనిపిస్తున్నది. ఆయన ఆమె దేవుని జోలికి పోలేదు. ఆ దేవుని నోట ఆమె పెట్టిన 'తీరాలి'ని మాత్రం తీసివేసినారు. నా శాస్త్రం సత్యమే. కాని నేను ఆమె నమ్మకంతో వాదించినాను. ఆమె బాధతో వాదించలేదు. ఇంకొక సంగతి కూడ ఒప్పుకొనవలెను. ఆ మధ్యాహ్నం నా లోపల కూడ ఒక 'తీరాలి' ఉన్నది: ఈమె నా వాదాన్ని ఒప్పుకొని తీరాలి. మా ఇద్దరిలో ఎవరి విశ్వాసం ఎక్కువ మొండిదో నాకు ఇప్పటికీ సందేహమే.

ఇంతమాత్రాన, మెత్తగా పట్టుకొన్న అబద్ధం నిజమవుతుందని కాదు. దోమ వల్ల వచ్చిన జ్వరం దోమ వల్ల వచ్చినదే; టీకా వేయించవలసినదే. కాని కథకుడు టీకా వేసేవాడు కాడు. పాత్ర ఏమి నమ్ముతున్నదో చెప్పి ఊరుకొంటే అది జనాభా లెక్క. ఎట్లా నమ్ముతున్నదో, ఆ నమ్మకంలో వలపు ఎంతో, శాసనమెంతో, ఏ క్షణాన మొదటిది రెండవదైనదో వినిపించినప్పుడు అది కథ. ఆస్తిక పాత్రకు ఈ పరీక్ష పెట్టినవాడు నాస్తిక పాత్రకు కూడ పెట్టవలెను. మన కథలలోని బడిపంతులు ఆ పరీక్షకు నిలుస్తాడా అని విమర్శకుడు అడుగవలెను.

మొదటి చిక్కుకు తిరిగి వస్తాను. 'అహేతుక విశ్వాసం' అంటే భాగవతం ఒప్పదు. 'మూఢనమ్మకం' అంటే నమ్మినవానిని ముందే మూఢుని చేసి, ఆ పైన చికిత్సకు పిలిచినట్లవుతుంది. పిలిస్తే వాడు రాడు. చాల వెదకి, పిల్లల మంకుపట్టు నుండి తెచ్చి 'మంకు నమ్మకం' అని వ్రాసినాను. చందమామను తెచ్చి తీరాలని నేలపై దొర్లే పసివాని కోరికలో తప్పులేదు. ఆ 'తీరాలి'లోనే ఏడుపంతా ఉన్నది. వ్రాతప్రతి చూచిన మిత్రులొకరు ఆ మాట శాస్త్ర గ్రంథంలో గ్రామ్యంగా ఉన్నదని అభ్యంతరం చెప్పినారు. ఇంతకన్న మంచి మాట ఎవరైనా చూపితే సంతోషంగా మార్చుకొంటాను. అది నిలిచి తీరాలని నాకు పట్టు లేదు.