భాగహారంలో నాణ్యత

మినియాపొలిస్‌లో మిసిసిపీ నది మీది ఐ-35డబ్ల్యూ వంతెన 2007 ఆగస్టు 1 సాయంత్రం, రద్దీ వేళ కూలిపోయింది. 13 మంది చనిపోయారు. నగరానికి కొత్త వంతెన త్వరగా కావాలి, అది పాతదానికన్నా గట్టిగానూ ఉండాలి. ఈ రెండు అవసరాలనూ మిన్నెసోటా రవాణా శాఖ తన టెండరులో ఒకే లెక్కలో ఇమిడ్చింది. ఆ లెక్క అల్లిక చూడదగ్గది.

బిడ్ ధర తీసుకోవాలి. గుత్తేదారు అడిగిన గడువులో రోజుకు 2 లక్షల డాలర్ల చొప్పున దానికి కలపాలి. ఆ మొత్తాన్ని సాంకేతిక మార్కులతో భాగించాలి. ఫలితం ఎవరిది తక్కువైతే పని వారిది. ఆ ఫలితం మరేమిటో కాదు, ఒక్కో మార్కు నాణ్యతకు ప్రజలు చెల్లించే వెల. మొదట అర్హత చూసి, ఆ తర్వాత ధర ఒక్కటే చూసే పద్ధతిలో గట్టి సంస్థకూ, గడప దాటిన సంస్థకూ తేడా చెరిగిపోతుంది. ఇక్కడ ప్రతి మార్కూ చివరిదాకా పనిచేస్తుంది.

నూరు మార్కుల్లో సగం నాణ్యతకే. మిగతావి వంతెన రూపానికి, అదనపు మెరుగులకు, ప్రజలతో సంప్రదింపులకు. మార్కులు వేశాకే ధరల కవర్లు తెరిచారు. కాబట్టి చౌకదనం చూసి మూల్యాంకకుల చెయ్యి వంగే వీలు లేదు.

నాలుగు బిడ్లు వచ్చాయి. మెక్‌క్రాసన్ 17.7 కోట్ల డాలర్లు, 367 రోజులు అడిగింది, మార్కులు 65.91. ఫ్లాటైరన్-మాన్సన్ 23.4 కోట్లు, 437 రోజులు అడిగింది, మార్కులు 91.47. భాగిస్తే మొదటిదానికి మార్కుకు దాదాపు 38 లక్షలు, రెండోదానికి 35 లక్షలు. నలుగురిలోనూ ఎక్కువ ధర వేసిన ఫ్లాటైరన్-మాన్సన్‌కే పని దక్కింది. ఎల్-1కు, అంటే అతి తక్కువ ధర వేసినవారికే పని ఇచ్చే పద్ధతికి, అలవాటుపడ్డ మన కళ్లకు ఇది తలకిందులుగా తోస్తుంది. అక్కడా నిరసన వచ్చింది. వివాదం మిన్నెసోటా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2010లో కోర్టు ఆ ఎంపికను సమర్థించింది.

పాత వంతెనలో ఒక్క కీలక భాగం తెగితే మొత్తం కూలే గుణం ఉండేది. కొత్తదాన్ని, ఒకచోట దెబ్బతిన్నా బరువు వేరే దారిన దిగేలా కట్టారు. కాంక్రీటు తీరును కనిపెట్టడానికి లోపల మూడొందలకు పైగా సెన్సర్లు అమర్చారు. 2008 సెప్టెంబరు 18న, గడువుకు మూడు నెలలకు పైగా ముందే, వాహనాలు దాని మీద పరుగు తీశాయి.

ఏది ఎంత విలువైనదో టెండరులోనే రాసి, కవర్లు తెరిచాక ఆ మాట మీదే నిలబడటం ఈ లెక్కలోని అసలు పనితనం. అందుకే ఆ రెండు బిడ్ల మధ్య 5.7 కోట్ల డాలర్ల తేడాను ఆ శాఖ ప్రజల ముందూ, కోర్టు ముందూ తలెత్తుకుని వివరించగలిగింది.