ఇంటి గడప దాటిన గాయం: చాసో, బుచ్చిబాబు రచనల్లో బాల్యం

బాల్యంలో తగిలిన దెబ్బ మనిషిని ఎంతకాలం వెంటాడుతుందన్న ప్రశ్నకు వైద్యశాస్త్రం ఒక లెక్క కట్టింది. విన్సెంట్ ఫెలిటి, రాబర్ట్ అండా బృందం అమెరికాలోని శాన్‌డియాగోలో జరిపిన అధ్యయనం 1998లో వెలువడింది. మాటలతో, చేతలతో, లైంగికంగా పిల్లలను హింసించడం, తల్లి దెబ్బలు తినడం, ఇంట్లో మద్యానికో మత్తుకో బానిసలైనవారు, మానసిక రోగులు, జైలుకు వెళ్ళినవారు ఉండడం అనే ఏడు వర్గాలను అది పరిగణించింది. ఈ సంఖ్య పెరిగినకొద్దీ కుంగుబాటు, ఆత్మహత్యాప్రయత్నాలు పెరిగాయని చూపింది. ఏడు వర్గాల్లో ఎక్కువ భాగం ఇంటి నాలుగు గోడల మధ్యవే. ఈ పట్టికతో తెలుగు కథల్లోని పిల్లలను సమీపించే విమర్శకుడికి చాసో దగ్గరే చిక్కు వస్తుంది.

'ఎందుకు పారేస్తాను నాన్నా' కథలోని కృష్ణుడిని ఎవరూ కొట్టరు, తిట్టరు. తండ్రికి వాడంటే ప్రాణం. పట్టిక ప్రకారం వాడికి వచ్చే అంకె సున్న. అయినా చుట్టలు తెమ్మని తండ్రి పంపితే వీధిలోకి వెళ్ళడమే వాడికి శిక్ష అవుతుంది. చదువు ఆగిపోయింది, తోటిపిల్లలు కనబడతారేమో, అడుగుతారేమో. చాసో ఈ సిగ్గును వ్యాఖ్యానించడు. నడకలో, తప్పుకోవడంలో, బడి ముందు ఆగిపోవడంలో చూపిస్తాడు. చివరకు తండ్రి ఎదుట ఏడుపు బద్దలయ్యేదాకా ఆ పిల్లవాడికి తన బాధ చెప్పుకోవడానికి మాట దొరకదు. శీర్షికగా నిలిచిన జవాబులోనూ డబ్బు విలువ వయసుకు మించి తెలిసిన పసితనమే వినిపిస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తరువాత రూపొందించిన ప్రశ్నావళి తోటివారి వేధింపును, సామూహిక హింసను చేర్చి పరిధిని పెంచింది. అందులో బడి ప్రస్తావన కూడా ఉంది. అయితే బడి అందుబాటులో ఉన్నా తల్లిదండ్రులు పంపకపోవడాన్ని అది వారి నిర్లక్ష్యం కింద లెక్కిస్తుంది. కృష్ణుడి తండ్రిని ఆ గడిలో కూర్చోబెడితే కథే తలకిందులవుతుంది. కొడుకు చదువు ఆగినందుకు కొడుకంతగానూ నలిగిన తండ్రి నేరస్థుడై, ఫీజు మాత్రం నిర్దోషిగా బయటపడుతుంది. 'కుంకుడాకు'లో పొయ్యిలోకి ఆకులేరుకొనే పిల్లను కొట్టినవాడు ఇంటివాడు కాడు. 1998 నాటి పట్టిక ఇంట్లోని పెద్దల దెబ్బలనే అడుగుతుంది కనుక ఈ దెబ్బ దానికి కనబడదు.

బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో ఈ చిక్కు మరో రూపం ధరిస్తుంది. దయానిధి వ్యథకు మూలం తల్లి శీలాన్ని గురించి లోకం మోపిన అపవాదు. ఫ్రాయిడ్ సిద్ధాంతం వెలుగులో చదివే విమర్శ అతని అనాసక్తిని, స్త్రీల పట్ల తడబాటును మాతృబంధంలో వెతికింది. ఆ పఠనం పూర్తిగా తప్పని చెప్పలేం. దానికి నవలలో ఆధారాలున్నాయి. కాని రోగకారణాన్ని మళ్ళీ తల్లి దగ్గరకే చేర్చడంలో విమర్శ తెలియకుండానే లోకం చేసిన పనే చేస్తుంది. నవలలో గాయపరిచింది తల్లి ప్రేమ కాదు, ఆమెను గురించిన మాటలు. పెళ్ళి ప్రస్తావనలోనూ, దాంపత్యంలోనూ అడ్డుపడేవి అవే. ఊరు మారినా దయానిధి వాటి నుంచి తప్పించుకోలేడు. అపవాదు ఏ ఒక్కరి చేతిలోనూ ఉండదు గనుక అతనికి ఎదుర్కొనడానికి శత్రువు కూడా దొరకడు. అతని నిర్లిప్తతను తాత్వికతగా మాత్రమే చదవడం వల్ల ఈ నిస్సహాయత మరుగున పడింది.

రెండు రచనల కథనపద్ధతిలో ఉన్న తేడా కూడా గమనార్హం. నవల ఆరంభానికే దయానిధి యువకుడు. గాయం తగిలిన రోజు పాఠకుడికి కనబడదు, దాని నీడే కనబడుతుంది. శాన్‌డియాగోలో ప్రశ్నాపత్రం నింపినవారూ పెద్దవారే, బాల్యాన్ని జ్ఞాపకం నుంచి తీసి రాసినవారే. కృష్ణుడు అలా కాదు. వాడు ఇంకా వీధిలోనే ఉన్నాడు, చుట్టల డబ్బు చేతిలో పట్టుకొని.