నారూ నీరూ

అరకులోయలో వర్షాకాలపు ఉభాలు, అంటే వరి నాట్లు, చూసినవాళ్లకు ఈ వ్యాసంలో సగం చెప్పనక్కర్లేదు. ఆకుమడిలో ఒత్తుగా పెరిగిన నారు తీసి, కట్టలు కట్టి, గెడ్డ వైపు మెట్లుమెట్లుగా దిగే పొలాల్లో ఆడవాళ్లు వంగి నాటుకుంటూ వెనక్కి నడుస్తారు. నాటిన మొదటి వారం నారు పసుపెక్కి వాలిపోతుంది. పట్నం నుంచి వచ్చినవాడు పైరు చచ్చిందనుకుంటాడు. రైతు కంగారుపడడు, వేరు పట్టాక అదే పచ్చబడుతుంది. తల వెనక జుట్టు తీసి నడినెత్తిన నాటే శస్త్రచికిత్స గురించి వివరంగా చదివినప్పుడు నాకు ఈ పొలాలే గుర్తుకొచ్చాయి. మన భాషలో వరి నాటుకున్న చోటూ కుదురే, వెంట్రుక పుట్టే చోటూ కుదురే. పోలిక నేను తెచ్చిపెట్టింది కాదు.

ఈ చదువుకు కారణం ఇక్కడి ఆశ్రమ పాఠశాలలో పనిచేసే ఒక కుర్ర ఉపాధ్యాయుడు. వయసు 24. ఒక సాయంత్రం వచ్చి, టోపీ తీసి, నుదుటికి రెండు పక్కలా జుట్టు వెనక్కి జరిగిన చోట్లు చూపించి, “మాస్టారూ, నాటించేసుకోమంటారా, మందు వాడమంటారా?” అన్నాడు. నన్నడగడం ఒకందుకు న్యాయమే. నా మడి ఎప్పుడో బీడైపోయింది, ఇప్పుడు ఏ పక్షం గెలిచినా నాకు గింజ రాలదు. భర్తృహరి చెప్పిన ఖల్వాటుడిలా చెట్టు కింద నిలబడేటప్పుడు, కాయ నెత్తిన పడుతుందేమోనని పైకి ఒకసారి చూసుకుంటానంతే. నేను వైద్యుణ్ణీ కాను. రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చదవడమొక్కటే నాకు వచ్చిన విద్య. నాటునూ మందునూ అలాగే చదివాను.

నాటు సంప్రదాయానికి పుట్టినిల్లు జపాన్. షోజి ఒకుడా అనే వైద్యుడు, కాలిన గాయాలతో జుట్టు పోయినచోట చిన్న చిన్న గుండ్రటి చర్మపు ముక్కలు నాటి 1939లో ప్రకటించాడు. యుద్ధం గోలలో అది పడమటి దేశాలకు చేరలేదు. న్యూయార్క్ చర్మవైద్యుడు నార్మన్ ఒరెంట్రైక్ 1952లో బట్టతల మీద మళ్లీ మొదలుపెట్టి, 1959లో అసలు సూత్రం చెప్పాడు: వెంట్రుక ఎక్కడ నాటినా తన పుట్టినచోటి గుణమే చూపిస్తుంది. తల వెనకా, చెవుల పైనా ఉన్న జుట్టు రాలని జాతి. దాన్ని ముందుకు తెచ్చి నాటినా రాలదు. మెట్టినింట పుట్టింటి యాసే మాట్లాడే కోడలనుకోండి.

అయితే ఆ తొలినాళ్ల నాటు చూడముచ్చటగా ఉండేది కాదు. నాలుగు మిల్లీమీటర్ల ముక్కలో పదీ ఇరవై వెంట్రుకలు ఒకేచోట దిగితే, తల అచ్చం వరి దుబ్బులు నాటిన మడిలా కనిపించేది. రైతుకు వరస కావాలి, జుట్టు నాటే వైద్యుడికి వరసంటే భయం. ఇప్పుడు సహజంగా ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలుండే కుదుళ్లను విడివిడిగా తీసి, ఒంటి వెంట్రుకల్ని నుదుటి అంచున, గుంపుల్ని వెనక, అదీ కాస్త ఎగుడుదిగుడుగా, ముందుకు వాలేట్టు దింపుతారు. నాటారని తెలియకపోవడమే ఆ పనితనం. తల వెనక ఒక పట్టీ కోసి తీసేది ఒక పద్ధతి. మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉండే సన్నని గొట్టంతో ఒక్కో కుదురూ తోడేది రెండోది. మొదటిదానికి ఒక గీత మచ్చగా మిగులుతుంది, రెండోదానికి కుదురుకో చుక్క. రెండు వేల కుదుళ్లంటే పొద్దంతా పని, ఊడ్చినట్టే.

మన పురాణగాథల్లోనూ ఒక నాటు ఉంది. గొల్లవాడి దెబ్బకు శ్రీనివాసుడి తలపై జుట్టు ఊడిన చోట నీలాదేవి తన కురులు తీసి అతికించిందనీ, తలనీలాలకు మూలం అదేననీ తిరుమల కథ. భక్తికి అడ్డు చెప్పను గానీ శస్త్రచికిత్స మాత్రం ఒప్పుకోదు. పరాయివాళ్ల వెంట్రుకను శరీరం నిలవనివ్వదు, ఎవరి నారు వాళ్ల మడిలోనే పెరగాలి.

మందు సంప్రదాయం దీనికి పూర్తిగా వేరు. ఇక్కడ జుట్టు కోసం బయలుదేరినవాడే లేడు. మినాక్సిడిల్ రక్తపోటు మాత్రగా 1979లో అమెరికా మార్కెట్‌కు వచ్చింది. మింగినవాళ్లకు అక్కర్లేనిచోటల్లా వెంట్రుకలు మొలవడంతో, 1988 నాటికి అదే తలకు రాసే మందైంది. ఫినాస్టరైడ్ కథ ఇంకా వింతైనది. డొమినికన్ రిపబ్లిక్‌లో సాలినాస్ అనే ఊళ్లో కొందరు పిల్లలు పుట్టినప్పుడు ఆడపిల్లల్లా కనిపించి, ఈడొచ్చేసరికి మగవాళ్లయ్యేవారు. 1974లో పరిశోధకులు కారణం చెప్పారు: టెస్టోస్టిరాన్‌ను డీహెచ్‌టీగా మార్చే ఎంజైమ్ వాళ్లలో లోపించింది. వాళ్లకు ప్రోస్టేట్ పెరగలేదు, నుదుటి మీద జుట్టూ వెనక్కి జరగలేదు. ఆ ఎంజైమ్‌ను ఆపే మాత్ర 1992లో ప్రోస్టేట్ వాపుకు 5 మిల్లీగ్రాములుగా, 1997లో బట్టతలకు 1 మిల్లీగ్రాముగా అనుమతి పొందింది. చేప కోసం వేసిన వలలో ముత్యం పడింది.

ఇలా చూస్తే ఒకటి చేతిపని, ఒకటి రసాయనం. ఒకటి ఒక్కరోజు, ఒకటి రోజూ. కానీ రెండూ తాగేది ఒకే గెడ్డ నీళ్లు. తల ముందరి కుదుళ్లు డీహెచ్‌టీకి లొంగి ఏటేటా సన్నబడతాయి, వెనకవి లొంగవు. నాటు ఆ తేడాను వాడుకుంటుంది, ఫినాస్టరైడ్ మాత్ర ఆ డీహెచ్‌టీనే తగ్గిస్తుంది. అలాగే రెండూ మొదట భయపెడతాయి. నాటిన వెంట్రుకలు రెండు మూడు వారాల్లో రాలిపోయి, కుదురు మాత్రం లోపలుండి, మూడు నాలుగు నెలలకు మళ్లీ మొలకెత్తుతుంది. మినాక్సిడిల్ రాసినవాడికీ మొదటి వారాల్లో జుట్టు ఎక్కువే ఊడవచ్చు, నిద్రపోతున్న కుదుళ్లు పాత వెంట్రుకను విదిలించి లేస్తాయి గనక. రెండు దారుల్లోనూ సగంలో పారిపోయేవాళ్లు ఈ పసుపు వారంలోనే పారిపోతారు. పూర్తి ఫలితం చూడాలంటే రెండింటికీ దాదాపు ఏడాది పడుతుంది.

తేడా మిగిలేది ఆ ఏడాది తర్వాత. మందు ఆపితే, కొన్ని నెలల్లో మందు నిలిపిందంతా పోతుంది, నీరు ఆపేసిన మడిలా. నాటు నిలుస్తుంది. కాగా, మందు నచ్చకపోతే మానేసి పాత తలకు తిరిగి రావచ్చు, నాటు వెనక్కి తీసుకోలేం. ఇంకోటి, నాటు కొత్తగా ఒక్క వెంట్రుకనూ పుట్టించదు. వెనక మడిలో తీసిన నారు వెనక తరిగిపోతుంది, ఆ ఆకుమడి మళ్లీ నిండదు.

కుర్రవాడి విషయంలో నాకు గుచ్చుకున్నది ఇదే. 24 ఏళ్లకు బట్టతల ఎంతవరకు పోతుందో ఇంకా తేలదు. ఇప్పుడే నుదుటి అంచు నాటించుకుని ఊరుకుంటే, నాటింది నిలిచి, దాని వెనకున్న సొంత జుట్టు ఏటేటా పోతుంది. చివరకు ముందొక గట్టూ, వెనకొక బీడూ. దాన్ని పూడ్చడానికి మళ్లీ మళ్లీ తోడితే నారే అయిపోతుంది. అరకు కొండల్లో కాఫీ తోటలు చూడండి. మొక్క నాటితే సరిపోదు, పైన సిల్వర్ ఓక్ నీడ ఉండాలి, ఆ మానుకే మిరియాల తీగ పాకించుకుంటారు. మందు ఆ నీడ లాంటిదని రాయబోయి ఆగాను. కాఫీ తోటలో నీడ నాటిన మొక్కకు కావాలి. తలలో నీడ కావలసింది నాటినదానికి కాదు, నాటు మధ్య మిగిలిన పాతదానికి. పోలిక ఇక్కడ తెగింది, తెగనిచ్చాను.

ఇక కొండమీద జుట్టు ఊడే ప్రతివాడికీ ఈ రెండూ అక్కర్లేదు. ఏజెన్సీలో మలేరియా, టైఫాయిడ్ లేచి తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు గుప్పెళ్లుగా ఊడుతుంది. ఆ జుట్టు దానంతటదే తిరిగి వస్తుంది. పేనుకొరుకుడులో పేనుకేమీ పాపం లేదు, శరీరమే తన కుదుళ్ల మీద తిరగబడుతుంది. దానికి నాటు పనికిరాదు. సంతలో నూనె సీసా పక్కన పొడుగు జడల ఫొటో పెట్టి అమ్మే ‘ఆదివాసీ నూనె’ మన కొండలదనుకుంటారు చాలామంది. ఆ పేరు మోగించినవాళ్లు మైసూరు దగ్గర హుణసూరు ప్రాంతపు హక్కిపిక్కి జనం. మన కొండలవాళ్లు ఏరేది కుంకుడు, శీకాయ. గిరిజన సహకార సంస్థ కొనే ఈ సరుకు తలను కడుగుతుంది, అంతకు మించి అది ఏ మాటా ఇవ్వలేదు. ఆ నిజాయితీ నాకిష్టం.

ప్రమాదాల పద్దు కూడా ఒకే పక్క రాయలేం. ఫినాస్టరైడ్ వల్ల కొద్దిమందిలో కామేచ్ఛ తగ్గుతుంది. దిగులు, ఆత్మహత్య ఆలోచనల గురించి 2025లో ఐరోపా ఔషధ సంస్థ గట్టిగా హెచ్చరించింది. అదేవిధంగా నాటు గీతంత కోతేగా అనుకోవడం పొరపాటు. 2016లో చెన్నైలో ఈ శస్త్రచికిత్స చేయించుకున్న ఒక వైద్య విద్యార్థి ఆ తర్వాత చనిపోయాడు. యూట్యూబ్ చూసో, వర్క్‌షాపులో కూర్చునో నేర్చినది శిక్షణ కింద లెక్కకు రాదని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పాల్సి వచ్చింది. చెప్పాల్సి వచ్చిందంటేనే సంగతి తెలుస్తోంది.

నారు పోసినవాడు నీరు పోయడా అంటాం. ఇక్కడ నారు పోసే చేయీ నీరు పోసే చేయీ ఒకటే ఐతే బాగుండేది. కుర్రవాడు విశాఖ దిగి, ఓ చర్మవైద్యుడికి చూపించుకున్నాడు. ఆయన కత్తి తీయకుండా మాత్రా, రాసే మందూ ఇచ్చి, ఏడాదయ్యాక రమ్మన్నాడట. నెలకోసారి, ఒకే కిటికీ దగ్గర, ఒకే పొద్దువేళ తలను ఫొటో తీసుకుని పెట్టుకోమన్నాడట. నాలుగో ఫొటో నాకు చూపించాడు. జుట్టు పెరిగిందో లేదో నాకు అర్థం కాలేదు. నా కళ్లజోడు అడిగి తీసుకుని మొదటిదీ నాలుగోదీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. కిటికీ బయట కాఫీ పళ్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి.