మారని గొంతు

“యాడికి పోతాండావు?” కర్నూలు బస్టాండులో ఎవరైనా ఈ మాటంటే మామూలు పలకరింపు. ఇదే యాసలో సినీ నటుడు జయప్రకాశ్ రెడ్డి పలికితే 1997లో హాల్లో జనం బెదిరారు. పదేళ్లు దాటేసరికి అదే గొంతు విని పొట్ట పట్టుకుని నవ్వారు. మధ్యలో ఆయన గొంతూ మార్చలేదు, మీసమూ తీయలేదు.

ఆయన ఊరు ఆళ్లగడ్డ దగ్గరి సిరివెళ్ల. గుంటూరులో లెక్కల పంతులుగా చేస్తూ నాటకాలు వేసేవారు. నల్గొండలో ఆయన నాటకం చూసిన దర్శకుడు దాసరి నారాయణరావు, ఆ సంగతి నిర్మాత రామానాయుడి చెవిన వేశారు. అలా 1988లో ‘బ్రహ్మపుత్రుడు’లో వేషం వచ్చింది. వేషాలు కూడు పెట్టలేదు, మళ్లీ బడికే పోయారు. ‘ప్రేమించుకుందాం రా’ (1997), ‘సమరసింహారెడ్డి’ (1999) తర్వాత మాత్రం ఫ్యాక్షనిస్టంటే ఈయనే అన్నట్టయింది.

రాయలసీమ యాసంటే మాటను వంకర తిప్పడమే అనుకునే నటులు చాలామంది. కిటుకంతా మాట చివర ఉంటుంది. మామూలు పలకరింపులో ‘పోతాండావు’ చివర కాస్త పైకి లేస్తుంది. భయపెట్టాలంటే ఆ చివర్ని కిందికి నొక్కి, కళ్లు కదపకుండా నిలబడాలి. మరి నవ్వించాలంటే? అదే నొక్కుడు, అదే చూపు. ఎదుటివాడు మాత్రం భయపడకూడదు, అంతే. ‘రెడీ’ (2008)లో ఆడిటర్ బ్రహ్మానందం చుట్టూ సాగే గోల చూడండి. ఊరిని గడగడలాడించే మనిషిగా జయప్రకాశ్ రెడ్డి, తనను ఆడిస్తున్నారని తెలియక నిండు గంభీరంగా తలూపుతాడు. ఆ గాంభీర్యం నలుసంత సడలినా నవ్వు చచ్చిపోతుంది. ‘ఇది జోకు సుమా’ అన్నట్టు ముఖం పెట్టేవాళ్లకు ఈ పని చేతకాదు.

ఈ నిగ్రహం నాటకం నేర్పింది. రచయిత పూసల రాసిన ‘అలెగ్జాండర్’ నాటకంలో వేదిక మీద ఆయన ఒక్కరే, దాదాపు వంద నిమిషాలు. ఎదురు పలికేవాడు లేనిచోట అవతలి మాట విన్నట్టు ఆగాలి. తొందరపడితే అబద్ధమని తెలిసిపోతుంది, సాగదీస్తే కుర్చీలు కిర్రుమంటాయి. ఎంతసేపు ఆగాలో ఏ స్క్రిప్టులోనూ రాసి ఉండదు.

సీమ నుంచి నవ్వు మోసుకెళ్లిన తొలి మనిషి ఈయన కాదు. కడప జిల్లా సింహాద్రిపురంలో పుట్టిన హాస్యనటుడు పద్మనాభం (1931–2010) కూడా నాటకాల మనిషే. ‘పాతాళభైరవి’ (1951)లో మాంత్రికుడి శిష్యుడు సదాజపుడు ఆయనే. సొంతంగా తీసిన ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ (1967)తో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యాన్ని గాయకుడిగా పరిచయం చేసిందీ ఆయనే. అయితే ఆయన మాటల్లో సింహాద్రిపురం వినపడదు. అప్పట్లో తెర మీది తెలుగు కృష్ణా, గుంటూరు వైపుది. ఊరి యాసను మద్రాసు సెంట్రల్ స్టేషన్‌లోనే దింపేసి పోవాలి.

జయప్రకాశ్ రెడ్డి దింపలేదు. అందుకు సీమవాళ్లలో కొందరికి కినుక కూడా ఉంది, మా మాటను కొడవళ్లకూ బాంబులకూ కట్టేశారని. నిజమే. రాసింది ఆయన కాకపోయినా పలికింది ఆయనే. కానీ ఆ యాసలో ఇంట్లో తాత కసురుకుంటే పిల్లలు నవ్వడం కూడా ఉంటుందని తెర మీద చూపించిందీ ఆయనే.

2020 సెప్టెంబరు 8న గుంటూరులో కన్నుమూశారు. ఆ సంక్రాంతికే ‘సరిలేరు నీకెవ్వరు’ వచ్చింది. కొండారెడ్డి బురుజు కనపడే ఆ కర్నూలు కథలో విలన్ ప్రకాశ్ రాజ్. జయప్రకాశ్ రెడ్డిది నవ్వించే వేషం.