పదిహేడు గళ్ల పద్దు

వానాకాలంలో ధవళేశ్వరం బ్యారేజీ గురించి మన జిల్లా పేజీల్లో మూడు రకాల అంకెలు వస్తాయి. నీటిమట్టం అడుగుల్లో, దిగువకు వదిలే ప్రవాహం క్యూసెక్కుల్లో, సీజన్‌లో ఇప్పటిదాకా సముద్రంలో కలిసిన నీరు టీఎంసీల్లో. మట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 17.75కి చేరితే మూడోది. వరద తీస్తే మట్టం తగ్గుతుంది. టీఎంసీల మొత్తం మాత్రం పెరగడమే గానీ తగ్గదు. ఈ మూడింటి తేడా తెలిసిన గోదావరి జిల్లాల మనిషికి, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కు లెక్కలు రాసే తీరు సగం అర్థమైనట్టే.

ఆ లెక్కల పద్దు పేరు డిస్క్‌స్టాట్స్. ప్రోక్ డైరెక్టరీలో మామూలు ఫైలులాగే కనిపిస్తుంది గానీ డిస్కు మీద ఎక్కడా ఉండదు. తెరిచినప్పుడల్లా, లినక్స్‌కు మూలభాగమైన కెర్నల్ అప్పటికప్పుడు అంకెలు పేర్చి ఇస్తుంది. ఒక్కో డిస్కుకు ఒక్కో వరస. డిస్కు పేరు తర్వాత మొదట్లో 11 గళ్లు ఉండేవి. కెర్నల్ 4.18 వెర్షన్‌లో డిస్కార్డ్ లెక్కలకు నాలుగు, 5.5లో ఫ్లష్ లెక్కలకు రెండు చేరి 17 అయ్యాయి. కొత్తవన్నీ చివరనే చేర్చారు. అందుకే 2.6 కెర్నల్ రోజుల్లో రాసిన స్క్రిప్టుకు కూడా పాత గళ్లు పాత చోటే దొరుకుతాయి.

మొదటి నాలుగు గళ్లు రీడ్‌లవి, తర్వాతి నాలుగు రైట్‌లవి. పూర్తయినవి ఎన్ని, పక్కపక్క చోట్లకు వచ్చిన అభ్యర్థనలను కలిపేసినవి ఎన్ని, ఎన్ని సెక్టార్లు, ఎన్ని మిల్లీసెకన్లు. ఇక్కడ సెక్టార్ అంటే ఎప్పుడూ 512 బైట్లే. డిస్కు లోపల 4,096 బైట్ల సెక్టార్లున్నా ఈ కొలత మారదు. ఇవన్నీ టీఎంసీల్లాంటి లెక్కలు. మెషీన్ బూట్ అయిన దగ్గర్నుంచి పోగవుతూనే ఉంటాయి. తొమ్మిదో గడి ఒక్కటే అడుగుల లెక్క: ఈ క్షణాన ఎన్ని అభ్యర్థనలు పనిలో ఉన్నాయో చెబుతుంది, పని అయిపోతే సున్నాకు దిగుతుంది.

మరి క్యూసెక్కులేవీ? కెర్నల్ వాటిని రాయదు. పనితనమంతా అక్కడే ఉంది. సెకనుకు ఎంత అన్నది తేల్చాలంటే ఏ సెకను, ఎంతసేపటి సగటు అని నిర్ణయించాలి. ఆ నిర్ణయం చూసేవాడికే వదిలేసింది. రెండుసార్లు చదివి, తీసివేసి, మధ్య గడిచిన సమయంతో భాగించుకోవడమే. ఒకే పద్దును ఒకరు సెకనుకోసారి, ఇంకొకరు గంటకోసారి చదివినా ఒకరి లెక్క ఇంకొకరికి అడ్డు రాదు. ప్రతి రీడ్‌కీ, ప్రతి రైట్‌కీ ఈ గళ్లు మారాలి గనక రాయడం చవగ్గా ఉండాలి. అందుకే ఒక్కో సీపీయూ తన లెక్క తాను రాసుకుంటుంది, తాళం కోసం ఆగదు. ఎవరైనా చదివినప్పుడే కెర్నల్ అన్నీ కూడుతుంది. ఖర్చు నిమిషానికి వేలసార్లు రాసేవాడి మీద పడకుండా, ఎప్పుడో ఓసారి చదివేవాడి మీద పడేలా పెట్టిన ఏర్పాటిది.

నాలుగో గడిని కాస్త దగ్గర్నుంచి చూద్దాం. రైట్‌లేవీ లేని ఒక సెకనులో 400 రీడ్‌లు పూర్తయ్యాయనీ, ఈ గడి 3,200 పెరిగిందనీ అనుకుందాం. సెకనులో ఉన్నవే వెయ్యి మిల్లీసెకన్లు, 3,200 ఎలా వచ్చాయి? ఒకే సమయంలో కొన్ని రీడ్‌లు వరసలో ఉన్నాయి, ప్రతిదాని ఎదురుచూపూ విడిగా కలిసింది. ఆ 3,200ను 400తో భాగిస్తే ఒక్కో రీడ్‌కు 8 మిల్లీసెకన్లు పట్టిందని తెలుస్తుంది. అదే 3,200ను వెయ్యి మిల్లీసెకన్లతో భాగిస్తే వరసలో సగటున 3.2 రీడ్‌లు ఉన్నాయని తెలుస్తుంది. ఒక్క కూడిక నుంచి రెండు జవాబులు. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన క్యూ సూత్రం చెప్పేదీ ఇదే.

ఈ భాగహారాలు మన తరఫున చేసిపెట్టే పనిముట్టు ఐవోస్టాట్. సెబాస్టియన్ గోదార్ రాసిన సిస్‌స్టాట్ ప్యాకేజీలో వస్తుంది. ఇది చూపే మొదటి పట్టిక బూట్ అయినప్పటి నుంచి సగటు. ఇప్పటి సంగతి కావాలంటే రెండో పట్టిక నుంచి చూడాలి.

మండపేటలో ఒక రైస్‌మిల్లు సర్వర్‌లో బిల్లు తెరుచుకోవడం ఆలస్యమవుతోందనుకోండి. ఐవోస్టాట్ పట్టికలో చాలామంది కళ్లు ముందు పడేది యుటిల్ శాతం మీద. అది పదో గడి నుంచి వస్తుంది, డిస్కు చేతిలో ఒక్క పనైనా ఉన్న సమయాన్ని చెబుతుంది. ఒక్కో పనే చేసే పాత డిస్కుకు నూరు శాతమంటే ఇక ఖాళీ లేదనే. ఎన్నో పనులు ఒకేసారి చేసే ఎస్‌ఎస్‌డీకి మాత్రం నూరు చూపించాక కూడా ఇంకా సత్తా మిగిలి ఉండొచ్చు. ఒక్కో పనికి సగటున పట్టిన సమయం చెప్పే అవెయిట్ నిలకడగా ఉంటే డిస్కును అనుమానించనక్కర్లేదు. అవెయిటూ, వరస పొడవూ కలిసి ఎగబాకితేనే డిస్కు దగ్గర రద్దీ.

ఐవోస్టాట్‌లో ఒకప్పుడు ఎస్‌వీసీటీఎమ్ అనే గడి ఉండేది. వరసలో నిలబడిన సమయం పోను, ఒక్కో పనికి డిస్కు తీసుకున్న సమయం చెబుతానని దాని మాట. పనులు ఒకేసారి నడిచే డిస్కుల్లో ఆ సంగతి ఈ పద్దు నుంచి తేల్చడం కుదరదు. దాన్ని నమ్మొద్దని మాన్యువల్‌లోనే ఏళ్లపాటు హెచ్చరించి, చివరికి ఆ గడినే తీసేశారు. జనం అలవాటుపడ్డ అంకె అయినా సరే, జవాబుదారీ వహించలేనప్పుడు చూపించకపోవడమే మర్యాద అనుకున్న పనివాళ్లు చేసిన సాధనమిది. మిగిలిన గళ్లను నమ్మడానికి అంతకన్నా మంచి కారణం అక్కర్లేదు.