తడి మడత

విజయవాడ నుంచి మచిలీపట్నం వెళ్లే రహదారిలో గుడివాడ, భీమవరం వైపు దారి చీలే పామర్రు చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లికైనా, ఓణీల వేడుకకైనా, పెద్దకర్మకైనా వాకిట్లో నీడనిచ్చేది షామియానాయే. ముతక నూలు గుడ్డతో కుట్టి, అంచులకు తాళ్లు కట్టి, గుంజల మీద నిలబెట్టే ఈ డేరా వరిచేల మధ్య, కాలువల గట్ల పక్కన, ఏడాదిలో ఎక్కువ నెలలు గాలిలో తేమ నిండి ఉండే నేల మీద పనిచేయవలసి వస్తుంది కనుక, దాన్ని బూజు పట్టకుండా కాపాడడం ఆ వృత్తిలో సగం పని. విందుకు వచ్చినవారి కంట ఎన్నడూ పడని సగం.

బూజు ఒక శిలీంధ్రం, అంటే మొక్కలాగా సొంతంగా ఆహారం తయారుచేసుకోలేక, తాను పట్టిన వస్తువునే కరిగించి పీల్చుకునే జీవి. విత్తనాల వంటి దాని సూక్ష్మబీజాలు గాలిలో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. వాటికి తడి, వెచ్చదనం, కదలని గాలి ఒకచోట దొరికితే చాలు. నూలు దాదాపు పూర్తిగా సెల్యులోజ్, అంటే మొక్కల కణాల గోడలలో ఉండే పీచు పదార్థం కావడం వల్ల, గుడ్డే బూజుకు తిండి అవుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సోలమన్ దీవులలో అమెరికా సైన్యం వాడిన గుడారాల గుడ్డ ఇలాగే చివికిపోగా, దానిపై దొరికిన ఒక శిలీంధ్రానికి, గుడ్డను శిలీంధ్రాలు తినే తీరుపై పరిశోధించిన ఎల్విన్ రీస్ పేరు మీదుగా, 1977లో ట్రైకోడెర్మా రీసై అని పేరు పెట్టారు. గడ్డిని, చొప్పను చక్కెరలుగా విడగొట్టే ఎంజైములను నేడు పరిశ్రమలు దాని నుంచే తీస్తున్నాయి. గుడ్డను తినే శక్తి ఎంతటిదో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

డెల్టాలోని ఆ ఊళ్లలో ఈ నష్టానికి పంచాంగం కూడా తోడవుతుంది. ముహూర్తాలు లేని ఆషాఢంలో షామియానాలు మడతల్లో ఉండిపోతాయి, వానలు మొదలయ్యేదీ అప్పుడే. మాఘంలో రాత్రి ముహూర్తాల పెళ్లిళ్లు ముగిసి తెల్లవారుజామున డేరా విప్పేటప్పటికి గుడ్డంతా మంచుకు తడిసి ఉంటుంది. మధ్యాహ్నానికి మరో ఊరిలో వేయవలసి ఉంటే దాన్ని అలాగే చుట్టి బండికెక్కిస్తారు. తరువాత విప్పి చూస్తే, మడత గీత వెంట, రెండు పొరలు కలిసిన కుట్ల దగ్గర, తాడు కట్టే మూలల్లో నల్లని చుక్కలు బారులు తీరి ఉంటాయి, ముక్కిన వాసన వస్తుంది. మొదట చిరిగేవి కూడా ఆ చోట్లే.

అటువంటి గుడ్డను వెంటనే నీళ్లలో ముంచడం సరికాదు. ముందు ఆరుబయట ఎండలో పూర్తిగా ఆరబెట్టి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, మెత్తని బ్రష్‌తో పొడిగా దులపాలి. తడిగా రుద్దితే బూజు నేతలోకి ఇంకుతుంది. ఆ తరువాత కుంకుడు రసంతో గాని తేలికపాటి సబ్బునీళ్లతో గాని కడిగి, ఒక వంతు తెల్ల వెనిగర్‌కు నాలుగు వంతుల నీళ్లు కలిపి మచ్చల మీద అద్ది, కొంతసేపు ఉంచి జాడించాలి. రంగు గుడ్డ అతుకులున్నచోట ముందుగా ఒక మూల పరీక్షించడం అవసరం. మచ్చను తెల్లబరచాలని బ్లీచింగ్ వాడేవారున్నారు గాని, అది నూలు పోగును బలహీనపరుస్తుంది, వెనిగర్‌తో కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. బూజు చచ్చినా నల్ల మరక మిగలవచ్చు. మరక ఉన్న గుడ్డ పనికొస్తుంది, చివికిన గుడ్డ పనికిరాదు కనుక, మరక కోసం గుడ్డను బలి చేయడం తెలివి కాదు. నీరు దిగకుండా పూత పూసిన గుడ్డ అయితే, కడిగినాక పూతను మళ్లీ వేయించాలి. ధాన్యం రాశుల మీద కప్పే ప్లాస్టిక్ బరకాలకు కూడా బూజు పడుతుంది. అక్కడ అది బతికేది వాటికి అంటిన దుమ్ము, తవుడు, గడ్డి నలుసుల మీద.

ఎంత చక్కగా కడిగినా తిన్న పోగు తిరిగి రాదు. అందువల్ల శుభకార్యం ముగియగానే వాకిలి ఖాళీ చేయమని డేరాలు అద్దెకిచ్చే సప్లయర్స్ కుర్రవాళ్లను తొందరపెట్టకుండా, పొద్దెక్కి గుడ్డ ఆరేదాకా షామియానాను అలాగే నిలబడనివ్వమని ఇంటివారిని కోరవలసి ఉంది.