పాత కారుకి బ్రేకు పైపు

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరకని సామాను లేదంటారు. కర్బలా మైదానం వైపు నుంచి లోపలికి వస్తే బేరింగులు, ఆయిల్ సీళ్లు, మోటార్లు, పంపులు, జేసీబీలకు వేసే లావుపాటి హోస్ పైపులు; వాటి మధ్య కార్ల స్పేర్ పార్టుల కొట్లు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. మారుతి 800 కూడా ఆ ఏడాదే. పద్మిని అంతకు చాలా ముందే వెళ్లిపోయింది. అయినా వాటిని వదులుకోలేని వాళ్లు ఇక్కడ తిరుగుతూనే ఉంటారు, చాలావరకు కంటికి కనబడే వాటి కోసం: హెడ్‌లైట్లు, డోరు హ్యాండిళ్లు, క్రోమియం బంపర్లు. కారు కింద బురద కొట్టుకుని ఉండే గొట్టం మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

ఆ గొట్టం పెన్సిలు కన్నా సన్నం, 4.75 మిల్లీమీటర్లు. గోడ మందం 0.7 మిల్లీమీటర్లు. టైర్లో మనం 30 పాయింట్ల గాలి కొట్టిస్తాం. బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు ఈ గొట్టంలో ఒత్తిడి అదే లెక్కన వెయ్యి దాటగలదు. 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ఆయిల్ బ్రేకులతో వచ్చిన నాటి నుంచి సూత్రం మారలేదు. మారింది జాగ్రత్త. తొలినాటి బండ్లలో మాస్టర్ సిలిండర్‌కి ఒకటే దారి. ఎక్కడ ఒక్క గొట్టం చిట్లినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోయినట్టే. తర్వాత రెండు దారుల సిలిండర్ వచ్చింది, సగమైనా మిగులుతుంది.

మంచు దేశాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పు ఈ గొట్టాలను తినేస్తుంది. మనకి ఆ బాధ లేదని నిశ్చింతగా ఉండేవాళ్లు క్లిప్పులు విప్పి చూడాలి. క్లిప్పు కింద ఇరుక్కున్న మట్టి వానాకాలమంతా తడిగానే ఉంటుంది, తుప్పు అక్కడ మొదలవుతుంది. లోపలి నుంచి ఇంకో శత్రువు: బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి 230, 155. మన్ననూరు దాటి నల్లమలలో శ్రీశైలం డ్యాము వైపు దిగే మలుపుల్లో బ్రేకు మీద కాలు ఉంచి దిగే పాత బండికి ఈ అంకెలే ప్రాణం. ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ అడుగుకి పోతుంది, బండి ఆగదు.

కొత్త పైపు వేయాలంటే దేనితో వేయాలి? కంపెనీ నుంచి వచ్చింది ఉక్కు. రేకును రెండు చుట్లు చుట్టి, రాగితో అతికించిన గొట్టం. పైన మంచి పూత ఉన్నది దొరికితే ఇప్పటికీ అదే చాలు. అంతకన్నా మేలైనది రాగి-నికెల్ మిశ్రమం, పదోవంతు నికెల్. తుప్పు పట్టదు, చేతితో వంచినా వింటుంది. వోల్వో వాళ్లు 1970ల నుంచే వాడారు. స్టెయిన్‌లెస్ మెరుస్తుంది గానీ గట్టి లోహం, దాని కొస మడవడం మామూలు పనిముట్లకు లొంగదు. సరిగా కూర్చోక కారుతుంది. ఇక ఫ్రిజ్ మెకానిక్ దగ్గర దొరికే ఎర్ర రాగి గొట్టం. చవక, మెత్తన, సైజు కూడా సరిపోతుంది, అందుకే వేసేస్తారు. వద్దు. రాగి అదిరే కొద్దీ గట్టిపడి, నట్టు దగ్గర చీలుతుంది.

పనితనం తెలిసేది కొస మడిచేటప్పుడు. గొట్టాన్ని హాక్సాతో కోయకూడదు. చుట్టూ తిరిగే కట్టర్‌తో కోసి, లోపలి అంచు గీకి, రజను మిగలకుండా ఊదాలి. నట్టు ముందే ఎక్కించాలి. మడిచాక గుర్తొస్తే మళ్లీ కోయడమే. బిగింపు పట్టీ పైన గొట్టం ఎంత ఉండాలో డై మెట్టు చెబుతుంది. మొదటి నొక్కుకి అంచు లోపలికి ముడుచుకుంటుంది. రెండోసారి కోన్ దిగితే ఆ ముడత తన మీద తానే పడుకుని రెండు పొరల గరాటు అవుతుంది. ఒంటి పొరతో సరిపెట్టేవాళ్లూ ఉన్నారు, అది బిగింపుకే చిట్లవచ్చు. పని తెలిసిన ఉస్తాద్ గరాటును వెలుతురులో తిప్పి చూస్తాడు. ఓ పక్కకి ఒరిగినా, సన్నటి గీత కనబడినా ఆ ముక్క కోసి పారేసి మళ్లీ మొదలుపెడతాడు. ఆ పారేసే ముక్కకి బేరమాడకండి.

అన్ని బండ్లకూ ఇదే ఆకారం కాదు. కొన్నిటికి గరాటు బదులు బుడగలాంటి కొస ఉంటుంది. నట్లూ అంతే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వంశం అంబాసిడర్‌ది, అంగుళాల మర. సుజుకి వంశం మారుతిది, మిల్లీమీటర్ల మర. 3/8 అంగుళం నట్టుకీ 10 మిల్లీమీటర్ల నట్టుకీ చూపుకి తేడా తెలియదు, ఒకదాని చోట రెండోది ఒకటి రెండు చుట్లు తిరుగుతుంది కూడా. అందుకే కొట్టుకి వెళ్లేటప్పుడు పాత పైపు నట్లతో సహా చేతిలో ఉండాలి.

రబ్బరు హోసులు మరో కథ. బయట బాగానే కనబడి లోపల ఉబ్బుతాయి. అప్పుడు తొక్కితే ఆయిల్ వెళుతుంది, వదిలితే వెనక్కి రాదు. ఆ చక్రం కాలుతుంది, బండి ఓ పక్కకి లాగుతుంది. కొత్తది కొంటే ఐఎస్ 7079 ముద్ర చూడండి. జేసీబీ హోసులు ప్రెస్ చేసే కొట్లో కొలిచి చేయిస్తే చవకేగానీ, అవి మినరల్ ఆయిల్ కోసం చేసిన రబ్బరు, బ్రేక్ ఆయిల్‌కి ఆగవు. స్టీలు జాలీ అల్లిన హోసుల మీద కుర్రాళ్లకి మోజు. పెడల్ గట్టిపడుతుంది, నిజమే. నాలుగు డ్రమ్ముల పాత బండికి మాత్రం ఆ డబ్బు దండగ అంటాను. అక్కడి మెత్తదనం చాలావరకు షూలు సర్దకపోవడం వల్లే. పైగా జాలీ చాటున లోపలి చీలిక కనబడదు.

50 ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు 2021లో వచ్చాయి. ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చి ఉండకూడదంటాయి. బ్రేకు పైపు కొత్తదైతే అసలుతనం పోతుందని బెంగపడేవాళ్లు ఆ జాబితాను ఇంకోసారి చదువుకోవాలి.

బిగించాక గాలి తీయడం. మన బండ్లలో మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉండేది వెనక ఎడమ చక్రం, మామూలుగా అక్కడ మొదలుపెడతారు. కింద ఉస్తాద్, సీట్లో కుర్రాడు. "దబావ్... పకడ్... ఛోడ్." చక్రం దగ్గర గాలి తీసే నిపిల్ మూసేదాకా కుర్రాడు కాలు తీయకూడదు, తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది. ఆయిల్ దిగే సీసాలో బుడగలు ఆగేదాకా ఇదే పాట. పని అయ్యాక పెడల్ గట్టిగా తొక్కి పట్టించి, ప్రతి నట్టుకీ పొడి కాగితం అద్ది చూడండి. వారం తిరిగాక ఇంకోసారి చూడండి. బ్రేక్ ఆయిల్ చిన్న డబ్బాయే కొనండి. మూత తీసి నెలల తరబడి ఉంచింది వాడకండి. రెండేళ్లకోసారి మొత్తం మార్పించండి.